మూడు అగ్గిపుల్లలు

స్వాన్సీలో గురువారం సాయంత్రాలు
వాన పైనించి పడదు, సముద్రం వైపు నించి పక్కకి కొడుతుంది.
చర్చి వెనక హాల్లో ముసలి హీటరు
పిల్లిలా గురగురమంటూ
నలుగురికి చాలే వెచ్చదనాన్ని
తొమ్మిదిమందికి సర్దుతుంది.

మొదటి ఏడాదంతా నేనే మాట్లాడాను.
బోర్డు మీద విభక్తులు ఆరేశాను.
వాళ్ళు బుద్ధిగా రాసుకున్నారు.
ఆఖరి రోజున ఎలునెద్‌ని "ఎలా ఉన్నారు?" అంటే
పుస్తకం తెరిచి పేజీ వెతికింది.
ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు బల్లలు గోడకి నెట్టేశాం.
కుర్చీలు గుండ్రంగా. మనిషికి మూడు అగ్గిపుల్లలు.
నోరు విప్పితే ఒకటి
మధ్యనున్న బిస్కెట్ల డబ్బా మూతలో పడాలి.
అయిపోయినవాళ్ళు వినాలి.
మిగిలినవాళ్ళు ఇంటికెళ్ళడానికి వీల్లేదు.
తప్పులు నా నోటుబుక్కులోకే,
మాటకి అడ్డంగా కాదు.
నాకూ మూడే పుల్లలు.

ఈ వారం ప్రశ్న: అలక మంచిదా, చెడ్డదా?

"అలక అంటే కోపమా?" అంది జోఫియా.
"కోపం తలుపేసి గడియ పెడుతుంది.
అలక తలుపేస్తుంది, గడియ పెట్టదు." ఒక పుల్ల.
"మాకూ ఉంది! వెల్ష్‌లో ఉంది! పుది!" ఎలునెద్ లేచి నిలబడింది.
"ఎంతసేపు?" ఎవరో.
"బతిమాలేదాకా." రెండు.
"అన్నం మీదా?"
"ముఖ్యంగా అన్నం మీద." మూడు.
"బతిమాలడం అంటే?"

నా చేతులు ఖాళీ.
అయిదు నిమిషాలైనా కాలేదు.
పెదవులు బిగించుకుని హీటరు వైపు చూశాను.

ఎలునెద్ తన కుర్చీని గర్రున గోడవైపు తిప్పుకుంది.
జోఫియా బిస్కెట్ పట్టుకుని వెనకాల నిలబడింది.
"తిను."
"వద్దు."
"ఒకటే. నా కోసం."
"వద్దు."
"సగం?"
"...చాక్లెట్‌ది ఉందా?"
ఏ నిఘంటువూ నాకింత బాగా చెప్పలేదు.

కీరన్ గొంతు సవరించుకున్నాడు:
"మా ఆవిడ అలుగుతుంది. నేను వండుతుంది."
పెన్ను కొరుక్కున్నాను.

మూతలో పుల్లలు పెరిగాయి.
గెథిన్ అరచేతిలో మాత్రం మూడూ అలాగే,
చెమటకి తడిసి.
బస్సు నడిపే మనిషి, వేళ్ళు ఇంకా స్టీరింగ్ పట్టుకున్నట్టే వంగి ఉంటాయి.
నిశ్శబ్దం.
నిశ్శబ్దం కనబడితే పూడ్చెయ్యడం నా పాత జబ్బు.
పుల్ల లేదు కనక బతికిపోయాడు.

"నాది రాత్రి బస్సు. ఆసుపత్రి నించి నర్సులు. వెనక సీటు.
తెలుగు."
ఒకటి వేశాడు.

"వాళ్ళు నవ్వుతారు. రోజూ. నేను అద్దంలో చూస్తాను.
ఎందుకు, తెలీదు.
రెండు సంవత్సరం నేను అలిగాను.
ఎవరూ బతిమాలలేదు. అందుకు క్లాసు వచ్చాను."
రెండు.

మూడోది వేలి మీద తిప్పుతూ చాలాసేపు.
"నిన్న సువార్త గారు దిగింది. చెప్పింది,
డ్రైవరు గారూ, చలి చీమలా కుడుతోంది.
నేను చెప్పాను,
చీమ టికెట్ కొనలేదు.
బస్సు మొత్తం... మనం నవ్వాం."

మేము అనాలి.
మనం అంటే వింటున్నవాళ్ళూ లెక్కే.
ఆ బస్సు మొహం చూడని మా ఎనిమిదిమందినీ
టికెట్ లేకుండా ఎక్కించుకున్నాడు.

నోటుబుక్కు తెరిచే ఉంది.
పెన్ను కాగితం దాకా వెళ్ళింది కూడా.
వచ్చేవారం చెబుతాను ఆ తేడా.
చెబుతానేమో.

కోట్లు వేసుకుంటున్నారు. వాన అలాగే ఉంది.
ఎలునెద్ ఒక్కతే ఇంకా గోడవైపు తిరిగి,
ఎవరైనా వస్తారా అన్నట్టు
ఓరగా చూస్తోంది.
మూత ఎత్తి చూశాను. చాక్లెట్‌వి అయిపోయాయి.